కవర్ల మీద అడ్రస్ ప్రింట్ చేసేవాళ్ళకు

లేజర్ ప్రింటర్ ట్రేలో కవర్లు పెట్టేముందు, ముందుగా లోపలికి వెళ్ళే అంచును స్కేలుతో గట్టిగా రుద్దండి. చాలాసార్లు కవరు ఇరుక్కునేది ఆ అంచు ఉబ్బుగా ఉండటం వల్లే. ఒకేసారి నాలుగైదు చాలు. పక్క గైడ్లు కవరును తాకాలి, నొక్కకూడదు. ఫ్లాప్ ఎటువైపు ఉండాలో చాలా ప్రింటర్లలో ట్రే మీదే బొమ్మ ఉంటుంది.

ప్రింట్ సెట్టింగ్స్‌లో సైజు కూడా మార్చాలి. మామూలు పొడుగు కవరైతే సాధారణంగా డీఎల్, అంటే 110 × 220 మి.మీ. ఏ4లోనే వదిలేస్తే అడ్రస్ ఎక్కడో పడుతుంది. పేపర్ టైప్ దగ్గర ఎన్వలప్ అని పెట్టండి.

ప్లాస్టిక్ కిటికీ కవర్లు, స్టిక్కర్ గమ్ కవర్లు మాత్రం లేజర్ ప్రింటర్‌కు పనికొస్తాయని ప్యాకెట్ మీద ఉంటే తప్ప పెట్టొద్దు. ఫ్యూజర్ (ఇంకు పొడిని కాగితానికి అతికించే వేడి భాగం) వేడికి కరిగి రోలర్‌కు అంటుకుంటే రిపేరు ఖర్చు చాలా అవుతుంది.