చిరాకు పెట్టే ఆల్బమ్ వినాలంటే

ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ 2004లో చేసిన ‘మెడుల్లా’ ఆల్బమ్‌లో దాదాపు అంతా మనుషుల గొంతులే, డ్రమ్ముల చోట కూడా ఎక్కువగా నోటి చప్పుళ్ళే. ఆలోచన గొప్పది గానీ, ఇయర్‌ఫోన్స్‌లో వింటే ఎవరో చెవి పక్కనే ఎగశ్వాస తీస్తున్నట్టుండి మూడో పాటకే ఆపేసేవాణ్ణి. ఇప్పుడు 14 పాటలూ వరసగా వినడం మానేశాను. రోజుకి రెండే, అవే రెండూ మర్నాడు మళ్ళీ, ఆ తర్వాతే కొత్తవి. ఫోన్ గది అవతలి మూలన పెట్టి, సౌండ్ సగానికి తగ్గించి, చేతిలో ఏదో పని ఉండాలి. పర్లాకిమిడిలో మా వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నాను, నాలుగో రోజుకి ఆ ఊపిరి చప్పుళ్ళలోంచి తాళం పట్టుబడింది, ఎంత సంతోషమేసిందో! తలనొప్పిగా ఉన్న రోజు, గుణుపూర్ రైల్లో మాత్రం వద్దు. ఆ రొదలో సన్నని గొంతులు కలిసిపోయి ఉత్త అరుపులే మిగులుతాయి.