బతుకమ్మ అడుగులు ఏడాదంతా వేయొచ్చు

అరవై దాటాక జిమ్ అంటే భయం, వాకింగ్ అంటే విసుగు అనేవాళ్ల కోసం ఈ మాట. బతుకమ్మ రోజుల్లో మోకాళ్ల నొప్పులు గుర్తు రాకుండా గంటసేపు చుట్టూ తిరుగుతాం కదా, మరి పండగ అయిపోగానే ఎందుకు ఆపేయడం? సాయంత్రం హాల్లో పాట పెట్టుకుని పక్కకి ఒక అడుగు, కొంచెం ముందుకు వంగి చప్పట్లు, లేచి ఇంకో అడుగు, ఇలా మొదట్లో పది నిమిషాలు చాలు. ఈ పక్క అడుగులతో తుంటి కండరాలకి పని పడుతుంది, ఒంటికి నిలకడ వస్తుంది, మామూలు నడకలో అది అంతగా దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 65 దాటినవాళ్లు వారానికి కనీసం 3 రోజులు బ్యాలెన్స్‌కి పనికొచ్చే వ్యాయామం చేయాలంటోంది.

నున్నటి టైల్స్ మీద సాక్సులతో మాత్రం వద్దు. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి. ఎముకలు గుల్లబారాయని డాక్టర్ చెప్పి ఉంటే వంగొద్దు, నిలబడే చప్పట్లు కొట్టండి. ఆడుతూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే, మాట రానంత ఆయాసం వస్తే తగ్గించుకోవాలి. ఒక్కరే అయితే నాలుగు రోజులకే మానేస్తారు (నేనూ అంతే), పక్కింటావిడని కూడా పిలవండి, పాట ఎవరు మొదలుపెట్టాలన్న దగ్గరే సగం నవ్వులు అయిపోతాయి.