ప్రాంతాన్ని బట్టి డెవలపర్లను వెతికే కమాండ్ లైన్ టూల్ వెయ్యి పేర్ల దగ్గర ఆగిపోతే: నా అనుభవం

డెవలపర్లు కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో, ప్రొఫైళ్లలోని లొకేషన్ ఆధారంగా డెవలపర్లను వెతికే టూల్, పెద్ద నగరం పేరు ఇచ్చినప్పుడల్లా మొత్తం సంఖ్యను వేలల్లో చూపిస్తూనే సరిగ్గా 1,000 పేర్ల దగ్గర ఆగిపోయేది. కొత్త టోకెన్ (అడిగేది ఎవరో గిట్‌హబ్‌కు తెలిపే రహస్య కీ), చిన్న పేజీలు, వేరే వరుసక్రమం, ఏవీ ఫలించలేదు. ఒక్కో ప్రశ్నకు 1,000 ఫలితాలకు మించి ఇవ్వకపోవడం గిట్‌హబ్ సెర్చ్ ఏపీఐ (ఇలాంటి టూల్స్ ఆ సైట్‌లో వెతకడానికి వాడే మార్గం) నియమం కాబట్టి, ప్రశ్ననే ముక్కలు చేయాలి.

ముందుగా నగరం పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, సంస్థల ఖాతాలు రాకుండా టైప్‌ను యూజర్‌కు పరిమితం చేశాను. తరువాత ఖాతా తెరిచిన తేదీని సూచించే క్రియేటెడ్ షరతును జోడించి, 2015-01-01 నుంచి 2015-12-31 వరకు అన్నట్లు ఒక్కో సంవత్సరానికి మొత్తం సంఖ్యను మాత్రమే అడిగాను. అది 1,000 దాటిన చోట ఆ వ్యవధిని సగానికి విడగొట్టి మళ్లీ అడిగాను. దాటని చోట పేజీకి 100 చొప్పున పేర్లన్నీ తెచ్చుకున్నాను. వ్యవధి రెండు చివరి తేదీలూ లెక్కలోకి వస్తాయి గనుక తరువాతి ముక్కను మరుసటి రోజు నుంచే మొదలుపెట్టాలి. జవాబులో ఫలితాలు అసంపూర్ణమన్న సూచన ఉంటే ఆ ముక్కను మళ్లీ అడగడం తప్పనిసరి. దీన్ని చాలామంది పట్టించుకోరు. టోకెన్ ఉన్నా నిమిషానికి 30 సెర్చ్‌లే అనుమతిస్తారు కనుక మధ్యలో విరామం ఉంచాను.

నాకు జాబితా పూర్తిగా వచ్చింది. అయితే లొకేషన్ ఎవరికి తోచినట్లు వారు రాసుకునేది కాబట్టి, దాన్ని ఖాళీగా వదిలినవారు ఈ పద్ధతిలోనూ దొరకరు. నగరం పేరుకు వేరే స్పెల్లింగులుంటే ఒక్కోదానికీ విడిగా వెతికి, యూజర్‌నేమ్ ఆధారంగా పునరావృతాలను తీసేయాలి.