స్ఫటికంలోంచి అటోసెకన్ల వెలుగు తీయాలంటే

కొత్తగా ల్యాబుకి వచ్చినవాళ్లు లేజర్ కొట్టిన స్ఫటికం వెనక రంగు కనబడగానే హార్మోనిక్స్ (లేజర్ పౌనఃపున్యానికి మూడు, అయిదు, ఏడు ఇలా పూర్తి రెట్లుండే వెలుగు) వచ్చేశాయని సంబరపడిపోతారు. కాస్త ఆగమంటాను. ఆ వెలుగేమిటో తేల్చుకోవడమే ఇందులో అసలు పని.

మొదలుపెట్టేది జింక్ ఆక్సైడ్‌తోనే పెట్టండి. 2011లో ఘిమిరే, రీస్ బృందం వాడిందీ అదే. దాని బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ కట్టు వదిలి కదలడానికి కావలసిన కనీస శక్తి, సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులు, 3.2 మైక్రాన్ల లేజర్ ఫోటాన్‌ది 0.39 మాత్రమే. గ్యాప్ దాటాలంటే తొమ్మిది ఫోటాన్లు కలవాలి కాబట్టి ముక్క గట్టి దెబ్బనే తట్టుకుంటుంది. అదే 800 నానోమీటర్ల లేజరైతే మూడు ఫోటాన్లు చాలు, ముక్క త్వరగా కాలిపోతుంది. సి-అక్షం (స్ఫటికం ప్రధాన అక్షం) ఉపరితలంలోనే ఉండేలా కోసిన ముక్క తీసుకోండి, ఎందుకో కింద చెబుతాను.

100 ఫెమ్టోసెకన్ల (ఒక ఫెమ్టోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతుకి వెయ్యో వంతు) పల్సులో 4 మైక్రోజౌళ్లు పెట్టి, 50 మైక్రాన్ల వ్యాసార్థానికి ఫోకస్ చేస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు లక్ష కోట్ల వాట్లు. అందులో పదో వంతు నుంచి మొదలుపెట్టి పెంచండి. శక్తి తగ్గించడానికి ఆంప్లిఫైయర్ జోలికి పోవద్దు, పల్సే మారిపోతుంది. వెలుగు ఊగే దిశని (పోలరైజేషన్‌ని) తిప్పే హాఫ్-వేవ్ ప్లేటు, ఒక్క దిశ వెలుగునే వదిలే పోలరైజర్ చాలు. ఈ లేజర్ కంటికి కనబడదు, సరైన గాగుల్స్ తీయకండి. వెలుగుని కెమెరాతో చూడండి.

ఇప్పుడు స్పెక్ట్రమ్. అయిదో హార్మోనిక్ 640 నానోమీటర్ల దగ్గర ఎరుపు, ఏడోది 457 దగ్గర నీలం. 380 దగ్గర ఓ వెడల్పాటి గుట్ట కూడా లేస్తుంది, చాలామంది మోసపోయేది అక్కడే. అది ఎలక్ట్రాన్లు గ్యాప్ దాటి కిందికి పడేటప్పుడు వచ్చే మామూలు ఫోటోల్యూమినెసెన్స్. లేజర్‌ని 3.3 మైక్రాన్లకి జరపండి: ఏడోది 471కి కదులుతుంది, గుట్ట ఉన్నచోటే ఉంటుంది. పక్కనుంచి చూడండి: హార్మోనిక్స్ లేజర్ దారినే పోతాయి, గుట్ట అన్ని వైపులా వెదజల్లుతుంది.

తర్వాత ముక్కని తిప్పండి. లేజర్ పోలరైజేషన్ సి-అక్షంతో కలిసినప్పుడు ఎరుపుకీ నీలానికీ మధ్య 533 దగ్గర ఆకుపచ్చ లేస్తుంది, అది ఆరోది. ఆ దిశలో స్ఫటికానికి ముందూ వెనకా ఒకటి కాదు కాబట్టి సరి సంఖ్యలకీ దారి దొరుకుతుంది. నాకు ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు.

తీవ్రత రెట్టింపు చేసినప్పుడు ఏడోది 128 రెట్లు పెరిగితే మీరింకా పాత నాన్‌లీనియర్ ఆప్టిక్స్‌లోనే, అంటే ఏడు ఫోటాన్లు కలిసి ఒకటయ్యే మామూలు లెక్కలోనే (2ని ఏడుసార్లు గుణిస్తే 128), ఉన్నట్టు. పెరుగుదల అంతకన్నా బాగా మందగించాలి. పెంచినట్టే తగ్గిస్తూ కూడా కొలవండి. పాత అంకెలు రాకపోతే ఆ చోటు పాడైంది, ముక్కని పక్కకి జరపండి.

అయినా చేతికొచ్చింది స్పెక్ట్రమే, అటోసెకన్ల (ఫెమ్టోసెకనులో వెయ్యో వంతుల) పొట్టి పల్సు కాదు. ఇంత పొడవు లేజర్ పల్సుతో ప్రతి అర్ధ చక్రానికీ, అంటే 5.3 ఫెమ్టోసెకన్లకోసారి, మెరుపు పుట్టి పల్సుల వరస వస్తుంది. ఒక్కటే కావాలంటే లేజర్ పల్సు ఇంచుమించు ఒక్క చక్రానికి కుదించాలి, లోపలి తరంగం ఫేజ్, అంటే పల్సు శిఖరం దగ్గర ఆ తరంగం ఊపులో ఎక్కడుందో, ప్రతిసారీ ఒకేలా నిలవాలి. పైగా గ్యాప్ దాటిన హార్మోనిక్స్‌ని ముక్కే మింగేస్తుంది, చివరి పలచటి పొరలోవే బయటపడతాయి. అందుకే నీలమణి పలక మీద వేసిన వంద నానోమీటర్ల ప్రాంతపు ఫిల్మ్ మేలు. ఫిల్మ్ వైపు బయటికి, పలక వైపు లేజర్‌కి పెట్టండి. ఫిల్మ్ లేని పలకని ముందు విడిగా కొలవండి, అదీ హార్మోనిక్స్ ఇస్తుంది.