గణిక, గుడి ఒకే కాగితం మీద: జపాన్ చెక్కముద్ర చిత్రాన్ని చదివే పద్ధతి

జపాన్‌లో ‘ఎదో’ అనే కాలం (1603–1868) నాటి చెక్కముద్ర చిత్రాలలో ఒక తరహా ఉంది. నిలువు కాగితం నిండా పట్టణపు గణిక నిలబడి ఉంటుంది. పై మూలన చిన్న చట్రంలో ఒక గుడో, కొండో, యాత్రాస్థలమో కనిపిస్తుంది. మన కన్ను సహజంగా ఆమె మీదికే పోతుంది కనుక, పట్టుబట్టి ఆ చట్రాన్నే ముందుగా చూడాలి.

చట్రంలో కనిపించేది నేటి టోక్యోలోని అసాకుసా ప్రాంతపు సెన్సోజి అనుకుందాం. అది కన్నోన్, అంటే బౌద్ధుల కరుణామూర్తి అవలోకితేశ్వరుడు, కొలువైన గుడి. 1657 నాటి అగ్నిప్రమాదం తరువాత యోషివారా వేశ్యావాటికను ఆ గుడికి ఉత్తరంగా తరలించారు కాబట్టి, దర్శనానికి వెళ్ళే దారి, భోగానికి వెళ్ళే దారి చాలావరకు ఒకటే అయ్యాయి. ఇలా ఒకదాని పక్కన మరొకదాన్ని నిలిపి పోలికను చూసేవారికే వదిలేయడాన్ని జపాన్ వారు ‘మితాతె’ అంటారు. ఆ పోలిక పట్టుబడనంత వరకు బొమ్మ సగమే కనిపించినట్లు.

ఇప్పుడు ఆమెను చూడండి. నడికట్టు, అంటే ‘ఒబి’, ముందువైపు ముడి వేసి ఉంటే, జడముడిలో దువ్వెనలు, సూదులు కిరీటంలా గుచ్చి ఉంటే ఆమె గణిక అని పోల్చుకోవచ్చు. ఊరేగింపు చిత్రమైతే పాదాల కింద ఎత్తైన చెక్క చెప్పులుంటాయి. రామప్ప గుడిలో ఎత్తు మడమల పాదరక్షలతో ఉన్న మదనికను చూసినవారికి ఇది అంత వింతగా తోచదు. అయితే రామప్ప మదనిక శిల్పి ఊహ కాగా, ఈమె అప్పుల కింద ఆ వాటికకు కట్టుబడిన మనిషి. ఆ పట్టుబట్టల వెనుక ఉన్నదేమిటో మరచి చూడడం నాకు సరిగా తోచదు.

తరువాత అంచులలోని గుర్తులకు రండి. చిత్రకారుని సంతకం, ప్రచురణకర్త ముద్ర పక్కనే, 1790లో మొదలైన ‘కివామె’ అనే గుండ్రని అనుమతి ముద్ర ఉండవచ్చు. ప్రష్యన్ నీలం అనే చిక్కని కృత్రిమ రంగు ఈ చిత్రాలలో విరివిగా కనిపించేది 1830 ప్రాంతం నుంచి. కనుక అంతకన్నా చాలా పాతదని చెప్పి అమ్మే బొమ్మలో ఆ నీలం కనిపిస్తే సందేహించాలి.

చివరగా భూతద్దం పట్టండి. రంగు సన్నని చుక్కల వరుసలుగా విడిపోతే అది యంత్రపు నకలు. చెక్క అచ్చు మీద కాగితం పరచి ‘బారెన్’ అనే గుండ్రని చేతి మెత్తతో రుద్ది తీసినదైతే వెనుక వైపున రంగు ఊరిన జాడలు, రుద్దిన చారలు కనిపిస్తాయి. చూడడం అయ్యాక ఎండ తగలని చోట పెట్టండి, ఎందుకంటే ఈ చిత్రాలలో వాడిన మొక్కల రంగులు వెలుతురుకు తొందరగా వెలిసిపోతాయి.