ఫోమ్‌తో పైపర్ కబ్: తోక దగ్గర పిసినారిగా ఉండండి

రిమోట్‌తో ఎగరేసే మొదటి స్కేల్ మోడల్‌కే (అసలు విమానాన్ని కొలతల ప్రకారం బుజ్జిగా చేసినదానికే) యుద్ధవిమానం ఎత్తుకోకండి. పైపర్ జే-3 కబ్ చేయండి. 1938 నుంచి అమెరికాలోని లాక్ హేవెన్‌లో తయారైన రెండు సీట్ల బుజ్జి విమానం ఇది, పసుపు ఒంటి మీద నల్లటి మెరుపు గీత ఉంటుంది, రెక్క పైన ఉండటంతో నిదానంగా, బుద్ధిగా ఎగురుతుంది. అసలు దాని రెక్క ఆ కొస నుంచి ఈ కొసకి దాదాపు 10.7 మీటర్లు. పదో వంతు చేస్తే 107 సెంటీమీటర్లు, రెక్క వెడల్పు 16, ఒంటి పొడవు 68. లెక్కకి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఫోమ్ 5 మిల్లీమీటర్లది చాలు. గోరుతో నొక్కితే గుంట పడేంత తేలికది తీసుకోండి, బోర్డులకి వాడే గట్టి షీటు బరువెక్కువ. ఏ జిగురైనా ముందు తుక్కు ముక్క మీద ఒక చుక్క వేసి చూడండి. మామూలు సూపర్ గ్లూ అయితే థర్మాకోల్ జాతి ఫోమ్‌ని మన కళ్లముందే తినేస్తుంది, చుక్క పడ్డచోట అంచులు కరిగిపోయి బొక్క మిగులుతుంది. స్ప్రే పెయింట్ సంగతీ అంతే.

రెక్కకి అడుగు షీటు చదునుగా ఉంచి, పై షీటుని టేబుల్ అంచు మీద అరచేత్తో నెమ్మదిగా లాగుతూ వంపు తెచ్చుకుని, మధ్యలో వెదురు బద్ద పెట్టి అతికించండి. రెండు సగాలనీ కలిపేటప్పుడు కొసలు రెండేసి సెంటీమీటర్లు పైకి లేవాలి. ఐలెరాన్లకి, అంటే రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలకలకి, బందులుగా టేపు సరిపోతుంది, పలకల్ని కదిపే బుజ్జి మోటార్ల (సర్వోల) కడ్డీలకి సైకిల్ స్పోకులు బాగా పనికొస్తాయి. 2212 సైజు 1000 కేవీ (వోల్టుకి నిమిషానికి వెయ్యి చుట్లు) మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే 30 యాంపుల ఈఎస్‌సీ, 10 అంగుళాల ప్రాప్ (ముందు తిరిగే పంకా), 9 గ్రాముల సర్వోలు నాలుగు, 3ఎస్ 1300 (మూడు సెల్‌లు, 1300 ఎంఏహెచ్) బ్యాటరీ కావాలి. ఇవన్నీ పెట్టాక విమానం మొత్తం 600 గ్రాములు దాటకుండా చూసుకోండి. మోటారు రెండు మూడు డిగ్రీలు కిందికీ కుడికీ చూడాలి.

ఇక అసలు గొడవ బరువు. కబ్‌కి ముక్కు పొట్టి, తోక పొడుగు. తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో సుమారు మూడు గ్రాములు వేయాలి. నేను మొదటిదానికి ముచ్చటపడి తోకకి రెండు కోట్లు రంగేసి, ఇనప చక్రం కూడా పెట్టాను. చేతిలోంచి వదలగానే నిటారుగా ముక్కెత్తి, ఆగి, ఒక రెక్క మీదికి ఒరిగి కందిచేలో పడింది. మూడు సెకన్లు, అంతే! అందుకే బ్యాటరీ పెట్టాక, రెక్క ముందు అంచు నుంచి 4.5 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ల మీద నిలబెట్టి చూడండి. తోక వాలితే ముందు బ్యాటరీని ముందుకు జరపండి, అప్పటికీ వాలితేనే ముక్కులో బరువు పెట్టండి.

ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూసుకోండి. హైదరాబాద్‌లో అయితే తప్పనిసరి, శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అంటూ చుట్టూ ఎయిర్‌ఫీల్డులే. గాలి లేని పొద్దుటిపూట, మనుషులు లేని మైదానానికి వెళ్లండి. విమానం వెనక నిలబడి రిమోట్‌లోని స్టిక్ కుడికి తోస్తే కుడి ఐలెరాన్ పైకి లేవాలి. ఇది తిరగబడి ఉంటే విమానం పోయినట్టే, ఎంత అనుభవం ఉన్నా కాపాడలేరు.

ముప్పావు థ్రాటిల్ (మోటారు వేగం) ఇచ్చి, గాలికి ఎదురుగా, పైకి కాకుండా తిన్నగా విసరండి. మలుపులో ఐలెరాన్ ఒక్కటే ఇస్తే కబ్ ముక్కు అవతలి వైపుకి తిరుగుతుంది, అసలు విమానానికీ ఉన్న అలవాటే, అందుకని రడ్డర్ (తోక మీద పక్కలకి తిరిగే నిలువు పలక) కూడా కొంచెం కలపాలి. మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారై టెన్షన్ పడతారు. ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్ అటే తోయండి, సర్దుకుంటుంది. ఆరు నిమిషాలకి టైమర్ పెట్టుకుని, మోగగానే దింపేయండి. దింపాక బ్యాటరీ ఒక్కో సెల్ 3.5 వోల్టుల కంటే తగ్గి ఉంటే, రేపటి నుంచి టైమర్ ఐదుకే పెట్టుకోండి.