రైఫిల్ పాఠాలు – 4వ భాగం: వేటకూ గురి సాధనకూ ఒకే రైఫిల్

గత మూడు పాఠాల్లో భద్రత, రైఫిల్ భాగాలు, తూటా నిర్మాణం చూశాం. ఇప్పుడు ఎంపిక. రెండు రైఫిళ్లు కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్న ఒక్కదానితోనే రెండు పనులూ సాగించాలంటే ఎక్కడ సర్దుకోవచ్చో, ఎక్కడ సర్దుకోకూడదో తెలియాలి.

వేటలో రైఫిల్ గంటల తరబడి భుజానికి వేలాడుతుంది. పేలేది ఒక్కసారి, అదీ చల్లటి బ్యారెల్ (గుండు బయటికి వెళ్లే గొట్టం)లోంచి. గురి సాధనలో రైఫిల్ బల్ల మీదో నేల మీదో ఆనుకుని ఉంటుంది. అక్కడ బ్యారెల్ ముట్టుకోలేనంత వేడెక్కినా, ఇరవయ్యో గుండు మొదటి గుండు పక్కనే పడాలి. ఈ రెండు అవసరాలూ ఢీకొనేది బ్యారెల్ మందం దగ్గరే. అందరూ క్యాలిబర్‌తో (గొట్టం లోపలి వెడల్పు, దానికి సరిపోయే తూటా రకం) మొదలుపెడతారు గానీ, నేను మాత్రం ముందు బ్యారెల్ చూడమంటాను.

సన్నటి బ్యారెల్ నాలుగైదు గుండ్లకే వేడెక్కుతుంది. ఉక్కులో తయారీనాటి ఒత్తిళ్లు మిగిలి ఉంటే ఆ వేడికి గొట్టం వెంట్రుకవాసి వంగుతుంది, గుండ్లు కాగితం మీద ఒక పక్కకు జరుగుతూ పోతాయి. మందపాటి బ్యారెల్ వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది. కానీ దాంతో, స్కోప్ కలిపి రైఫిల్ ఐదు కిలోల దాకా వెళ్లవచ్చు. కొండవాలు ఎక్కి ఆయాసంతో నిలబడ్డప్పుడు ఆ బరువు చేతిని వణికిస్తుంది. అందుకే మధ్యస్థ మందం, 22 నుంచి 24 అంగుళాల పొడవు, స్కోప్ లేకుండా మూడున్నర కిలోలకు అటూ ఇటూ ఉన్నది ఎంచుకోండి. సాధనలో గుండుకూ గుండుకూ మధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగితే ఈ మందం చాలు.

బ్యారెల్ స్టాక్‌ను (భుజానికి ఆనించి పట్టుకునే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) తాకకూడదు. ఒక కాగితాన్ని రెండింటి మధ్య దూర్చి వెనక్కి లాగండి, రిసీవర్ (బ్యారెల్ వెనక బిగించిన లోహపు భాగం) దాకా అడ్డం లేకుండా జారాలి. చెక్క స్టాక్ తేమకు ఉబ్బి బ్యారెల్‌ను నొక్కితే వానల్లో ఒకచోట పడిన గుండు ఎండల్లో మరోచోట పడుతుంది. అడవికీ రేంజికీ తిరిగే రైఫిల్‌కు గట్టి సింథటిక్ స్టాక్ గానీ, పొరలు అతికించిన చెక్క స్టాక్ గానీ మేలు. చవకరకం ప్లాస్టిక్ స్టాక్ ముందుభాగం బైపాడ్ (రెండు కాళ్ల ఆసరా) మీద ఆనించగానే వంగుతుంది. కొనేముందు చేత్తో నొక్కి చూడండి.

యాక్షన్ (తూటాను లోపలికి తోసి, పేలాక ఖాళీదాన్ని బయటికి తీసే యంత్రాంగం) విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు, ప్రతిసారీ చేత్తో పిడి లాగి తోసే బోల్ట్ యాక్షనే తీసుకోండి. 1898 నాటి మౌజర్ నుంచి 1936లో వచ్చిన విన్‌చెస్టర్ మోడల్ 70, 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 వరకు ఈ పద్ధతి నిలబడింది. ఆ రెమింగ్టన్ 700నే తీసుకుని అమెరికా మెరైన్లు 1966లో ఎం40 స్నైపర్ రైఫిల్ చేసుకున్నారు. వేట కోసం పుట్టిన యాక్షన్ కచ్చితమైన గురికి కూడా సరిపోతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక క్యాలిబర్. రేంజిలో వందల తూటాలు కాల్చాలి కాబట్టి రైఫిల్ వెనక్కి తన్నే బలం ఓర్చుకోగలిగేలా ఉండాలి. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తన్ను .308 కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. అలాంటిదానితో సాధన చేస్తే ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూతపడటం, భుజం బిగుసుకోవడం అలవాటైపోతుంది. ఆ అలవాటు వదిలించుకోవడం చాలా కష్టం. .243 భుజానికి హాయే గానీ బ్యారెల్ తొందరగా అరుగుతుంది. పైగా కొన్నిచోట్ల చట్టం ఒప్పదు: జర్మనీలో ఎర్ర జింక వంటి పెద్ద జంతువులకు కనీసం 6.5 మి.మీ. క్యాలిబర్, 100 మీటర్ల దగ్గర 2000 జౌళ్ల శక్తి ఉండాలి. మీరు వేటాడే చోటి నియమం చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.

మిగిలేవి ముఖ్యంగా రెండు. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్‌కు రకరకాల తూటాలు దొరుకుతాయి, బ్యారెల్ ఎక్కువకాలం మన్నుతుంది. 2007లో హార్నడీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ గురి పోటీల కోసమే పుట్టింది. దాని తన్ను తక్కువ, దూరం పెరిగేకొద్దీ గాలికి గుండు పక్కకు పోవడమూ తక్కువ. 300 మీటర్ల లోపే కాల్చేవారికి .308, అంతకు మించి సాధన చేయాలనుకునేవారికి క్రీడ్‌మూర్. ట్విస్ట్ (గుండును తిప్పడానికి బ్యారెల్ లోపల ఉండే గాడుల మెలిక) చూడటం మరవకండి: .308కు 10 అంగుళాలకు ఒక చుట్టు, క్రీడ్‌మూర్‌కు 8 అంగుళాలకు ఒక చుట్టు ఉంటే బరువైన గుండ్లు కూడా నిలకడగా వెళ్తాయి.

రైఫిల్ ఒకటే కావచ్చు, తూటా మాత్రం ఒకటే కాకూడదు. మ్యాచ్ గుండు (గురి పోటీలకు చేసేది) మొనలో కనిపించే సన్నటి రంధ్రం తయారీ పద్ధతి వల్ల మిగిలేది, జంతువు ఒంట్లో విచ్చుకోవడానికి పెట్టింది కాదు. ఆ గుండు ఒక్కోసారి సూదిలా దూసుకుపోతుంది, ఒక్కోసారి చర్మం దాటగానే ముక్కలవుతుంది. రెండు సందర్భాల్లోనూ జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. ఇక్కడ రాజీకి తావే లేదు. వేటకు విచ్చుకునే గుండే వాడాలి. ఆ రెండు తూటాలూ కాగితం మీద వేర్వేరు చోట్ల పడతాయి. వాటి మధ్య స్కోప్ ఎన్ని క్లిక్కులు తిప్పాలో రాసి స్టాక్‌కు అంటించుకోండి.

కచ్చితత్వం ఎంత ఉండాలి? గుండ్లు ఎంత చెదురుతాయో ఎంఓఏలో కొలుస్తారు, అది డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. ఒక ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు. రెండు ఎంఓఏ రైఫిల్ 200 మీటర్ల దగ్గర 12 సెంటీమీటర్లలోపు గుండ్లు వేస్తుంది, జింక గుండె, ఊపిరితిత్తుల చోటుకు అది సరిపోతుంది. గురి సాధనకు ఒక ఎంఓఏ కావాలి. అమ్మేవాళ్లు చూపించే మూడు గుండ్ల గ్రూపును (ఒకే గురికి కాల్చిన గుండ్లు కాగితం మీద పడిన గుంపు) నమ్మవద్దు, పది గుండ్ల గ్రూపు అడగండి.

ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బలం 1.2 నుంచి 1.5 కిలోల మధ్య సర్దుకునేలా ఉండాలి. పోటీ రైఫిళ్లలా ఇంకా తేలిక చేస్తే, చలికి మొద్దుబారిన వేలికి తెలియకుండానే పేలుతుంది.

స్కోప్‌కు 3–15 లేదా 4–16 రెట్ల శ్రేణి, 44 మి.మీ. ముందు అద్దం సరిపోతుంది. సంధ్యవేళ 6 రెట్లకు తగ్గిస్తే కంటికి చేరే వెలుగు వలయం 7.3 మి.మీ. ఉంటుంది, 16 దగ్గర అది 2.75కు పడిపోతుంది. పారలాక్స్ (కన్ను కాస్త కదిలితే గురిగీతలు లక్ష్యం మీద జరిగినట్టు కనిపించడం) సరిచేసే తిప్పుడు బిళ్ల ఉన్నదే కొనండి.

కొనేముందు చివరి పరీక్ష ఒకటుంది. చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకుని, సురక్షితమైన వైపుకు ఎక్కుపెట్టి, కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి తెచ్చి చెంప ఆనించండి. కళ్లు తెరవగానే స్కోప్ నిండుగా కనిపించాలి. మెడ చాచాల్సి వచ్చినా, అంచుల్లో నల్లని నీడ పడినా స్టాక్ పొడవో చెంప ఎత్తో మీకు సరిపడలేదు. రెండూ మార్చుకోగలిగే స్టాక్ అయితే అక్కడే మార్పించి మళ్లీ చూడండి.

వచ్చే భాగంలో: స్కోప్ బిగించడం, 100 మీటర్లకు జీరో చేయడం (స్కోప్ గురీ గుండు పడే చోటూ ఒకటయ్యేలా సర్దడం).